ఆగిన పెళ్లి ఆగినట్టేనా?

పందిరి దగ్గర జీపు ఆగుతుంది. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే విభాగం) సూపర్‌వైజర్, ఎస్సై, పంచాయతీ కార్యదర్శి దిగుతారు. బడి రికార్డు ప్రకారం అమ్మాయికి 15 ఏళ్ల 4 నెలలు. పెద్దవాళ్లను కూర్చోబెట్టి చట్టం చెబుతారు. హామీ పత్రం మీద తండ్రి సంతకం, తల్లి వేలిముద్ర తీసుకుంటారు. మర్నాడు జిల్లా పేజీలో ‘బాల్య వివాహం అడ్డుకున్న అధికారులు’ అని నాలుగు లైన్ల వార్త వస్తుంది. పది రోజులు తిరక్కుండానే అదే పిల్లకు అదే పెళ్లికొడుకుతో పక్క మండలంలో గుట్ట మీది గుడిలో తాళి పడుతుంది. పందిరి ఉండదు, బాజా ఉండదు, పది మంది చుట్టాలుంటారు. ఈసారి వార్త రాదు.

గ్రామాల్లో పిల్లల రక్షణ పని చేసేవాళ్లందరికీ ఈ వరుస తెలుసు. ముహూర్తం తప్పించడానికి ఒక పూట చాలు. ఆ పిల్లకు 18 నిండాలంటే మాత్రం ఇంకా దాదాపు వెయ్యి రోజులు గడవాలి. చట్టం, కోర్టు, బడి, హాస్టల్, ఆసుపత్రి అన్నీ ఆ వెయ్యి రోజుల్లోనే పనికిరావాలి. ఎక్కడ జారిపోతోందో చూడాలంటే ఆ రోజుల్లోకే వెళ్లాలి.

ముందుగా లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం, 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండా పెళ్లయినవారు దేశం మొత్తం మీద 23.3 శాతం. తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. 2005-06లో దేశ సగటు 47 శాతం పైమాటే కాబట్టి తగ్గిందన్నది నిజం. కానీ స్వయం సహాయక సంఘాల్లో ముందున్నామని చెప్పుకునే ఆంధ్రప్రదేశ్ దేశ సగటు కంటే వెనకబడి ఉందన్నదీ అంతే నిజం.

చట్టం దగ్గర చాలామంది పొరబడే ముడి ఒకటుంది. 1929 నాటి శారదా చట్టం అమ్మాయికి 14, అబ్బాయికి 18 అంది. 1949లో అమ్మాయి వయసు 15 అయింది. 1978లో 18కి, అబ్బాయిది 21కి పెరిగాయి. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం. అది 2007 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం కింద మైనరును పెళ్లి చేసుకున్న 18 దాటిన మగవాడికి రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిపించినవాళ్లకు, ప్రోత్సహించిన తల్లిదండ్రులకు కూడా అంతే శిక్ష. మహిళలకు మాత్రం జైలు శిక్ష లేదు, జరిమానాయే. నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఇంత నేరమైన పెళ్లి చట్టం దృష్టిలో చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. చేసినవాళ్లు జైలుకు వెళ్లొచ్చు, పెళ్లి మాత్రం నిలుస్తుంది. మైనరుగా పెళ్లయిన ఆ అమ్మాయో అబ్బాయో కోర్టుకు వెళ్లి రద్దు చేయించుకునేదాకా ఆ బంధం ఉంటుంది. మూడో సెక్షన్ సారం ఇదే.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. పిల్లను ఎత్తుకుపోయి, మోసపుచ్చి, బలవంతపెట్టి, అమ్మి లేదా అక్రమంగా తరలించి చేసిన పెళ్లి 12వ సెక్షన్ ప్రకారం మొదటినుంచీ చెల్లదు. కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని కాదని చేసిన పెళ్లి కూడా 14వ సెక్షన్ ప్రకారం చెల్లదు. పొరుగున ఉన్న కర్ణాటక తన సవరణతో బాల్య వివాహం ఏదైనా మొదటినుంచీ చెల్లదని తేల్చేసింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ సవరణ లేదు. అందుకే ఇక్కడ ఆ రెండో మినహాయింపుకు అంత విలువ.

పందిరి దగ్గర తీసుకునే హామీ పత్రానికి, తహసీల్దార్ ముందు చేసే బైండోవర్‌కు (మాట తప్పబోమని రాసిచ్చే పూచీకత్తు) ఆ బలం లేదు. వాటిని మీరి గుట్ట మీది గుడిలో తాళి కడితే, కట్టినవాళ్ల మీద కేసు పెట్టొచ్చు తప్ప ఆ పెళ్లి దానంతటది రద్దు కాదు. అదే 13వ సెక్షన్ కింద ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఇచ్చిన ఉత్తర్వు చేతిలో ఉంటే, ఆ తర్వాత ఏ గుడిలో ఎన్ని ముళ్లు వేసినా చట్టానికి అది పెళ్లే కాదు. ఉత్తర్వు మీరినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా వేరే ఉంది. దరఖాస్తు బాల్య వివాహ నిషేధ అధికారి చేయొచ్చు. నమ్మదగిన సమాచారం ఉన్న ఏ వ్యక్తయినా, స్వచ్ఛంద సంస్థయినా చేయొచ్చు. మేజిస్ట్రేట్ తనంతట తానూ తీసుకోవచ్చు. మామూలుగా అవతలివాళ్లకు నోటీసు ఇవ్వాలి. తొందర ఉంటే నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. 2024 అక్టోబరు 18న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని ఇంకా ఎక్కువగా వాడమని, శిక్షించడం కంటే ముందే ఆపడం మీద దృష్టి పెట్టమని చెప్పింది. అయినా క్షేత్రంలో హామీ పత్రంతోనే ఫైలు మూసే అలవాటు పోలేదు. కోర్టు మరో ఊళ్లో ఉంటుంది, సూపర్‌వైజర్‌కు పాతిక అంగన్‌వాడీల భారం ఉంటుంది, పెళ్లి ఆగింది కదా అన్న ధీమా ఉంటుంది. కారణాలు అర్థమయ్యేవే. కానీ ఆ పిల్లకు మిగిలే రక్షణ మాత్రం ఒక తెల్ల కాగితమే.

ఉత్తర్వుకైనా, కేసుకైనా మొదట తేలాల్సింది వయసు. ఇక్కడే సగం కేసులు నీరుగారతాయి. ఇంట్లోవాళ్లు ఆధార్ తెచ్చి చూపిస్తారు, అందులో 18 నిండి ఉంటాయి. ఆధార్ తీసేటప్పుడు నోటిమాటగా చెప్పిన సంవత్సరం చాలా కార్డుల్లో అలాగే ఉండిపోయింది. తర్వాత దిద్దించుకున్నవీ ఉన్నాయి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదు. వయసు తేల్చడానికి అది సరిపోదని సుప్రీంకోర్టు 2024లో మరో కేసులో స్పష్టంగానే చెప్పింది. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరుస ఇలా ఉంది: మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్షలో ఏడాదీ రెండేళ్లూ అటూ ఇటూ వస్తుంది కాబట్టి దాన్ని ఆఖరికి ఉంచారు.

పనిలో దీని అర్థం, పెళ్లింటికి వెళ్లే ముందు బడికి వెళ్లాలి. అమ్మాయి మొదట చేరిన ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్‌లో ఆ పేజీని ఫోటో తీయాలి. హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో నకలు తీసుకోవాలి. తర్వాత చేరిన హైస్కూల్ రికార్డు మొదటి దాన్ని చూసి రాసుకున్నదే కాబట్టి తేడా ఉంటే మొదటి బడిదే గట్టిది. సెలవుల్లో బడి మూసి ఉంటుంది, పెళ్లిళ్లు కూడా సరిగ్గా అప్పుడే. అందుకని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అమ్మాయిల పుట్టిన తేదీల జాబితా ఒకటి మార్చి నాటికే అంగన్‌వాడీ టీచర్ దగ్గరో పంచాయతీలోనో ఉంటే ఆ పరుగు తప్పుతుంది. పూజారులు, గుడి సిబ్బంది, ఫంక్షన్ హాల్ వాళ్లు కూడా ఆధార్‌తో సరిపెట్టుకోకుండా పదో తరగతి మెమో అడగాలి. బాల్య వివాహాల నిషేధ చట్టం పదో సెక్షన్‌లో ‘జరిపించినవారు’ అన్న మాట తాళి అందించిన చేతి దాకా వస్తుంది.

కబురు ఎప్పుడు అందిందన్నదాన్ని బట్టే సగం ఫలితం ఉంటుంది. పసుపు దంచి, పిల్లను పెళ్లికూతుర్ని చేశాక ఆపడం చాలా కష్టం. ఆ స్థితిలో పెళ్లి ఆగితే అరిష్టమని, ఇక ఆ పిల్లను ఎవరు చేసుకుంటారని ఊరంతా తల్లిదండ్రుల వైపే నిలబడుతుంది. వంటవాళ్లకు, టెంట్ హౌస్‌కు అడ్వాన్సులు వెళ్లిపోయి ఉంటాయి, వడ్డీకి తెచ్చిన డబ్బు మెడ మీద ఉంటుంది. తాంబూలాలు పుచ్చుకున్న దశలో, వీలైతే మాటలు నడుస్తున్న దశలోనే ఇంటికి వెళితే కోల్పోయేది తక్కువ, వినే ఓపిక ఎక్కువ. ఇలాంటి పెళ్లిళ్లకు శుభలేఖలు అచ్చు వేయరు కాబట్టి గుర్తులు వేరే చోట పట్టాలి: చదువు మధ్యలో టీసీ అడగడం, వరసగా మూడు నాలుగు రోజులు బడికి రాకపోవడం, అమ్మాయిని ఉన్నట్టుండి మేనత్త ఊరికి పంపడం, ఇంటికి సున్నం వేయడం. మొదట పసిగట్టేది పక్క బెంచీలో కూర్చునే స్నేహితురాలు. ఆమె చెప్పుకోడానికి బడిలో ఒక టీచరమ్మ ఉండాలి.

ఫోన్ చేయాల్సిన నంబర్లు 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 112 (అత్యవసర సాయం). 181 మహిళల హెల్ప్‌లైన్‌కు చేసినా అందుతుంది. చెప్పాల్సినవి: అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, చదివిన బడి, తరగతి, ముహూర్తం రోజు, గంట, పెళ్లి ఎక్కడ. పెళ్లికొడుకు ఊరు కూడా తప్పక చెప్పాలి. మన దగ్గర చాలా పెళ్లిళ్లు మగపెళ్లివారి ఊళ్లో జరుగుతాయి, ఆ ఊరు వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో ఉంటే రెండు చోట్లకూ కబురు వెళ్లాలి. చెప్పినవాళ్ల పేరు బయట పెట్టకూడదు. దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. రాజస్థాన్‌లో 1992లో భంవరీ దేవి అనే గ్రామ కార్యకర్త ఒక పసిపిల్ల పెళ్లి ఆపబోయినందుకు సామూహిక అత్యాచారానికి గురైంది. పని చేసే చోట మహిళల రక్షణకు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు ఆ ఘటన వెనకాలే వచ్చాయి. అంగన్‌వాడీ టీచర్ అదే ఊళ్లో, అదే వీధిలో బతకాలి. అధికారులు జీపు దిగి ‘ఇక్కడి అంగన్‌వాడీ అమ్మ ఎవరు’ అని అందరి ముందూ పిలిచారంటే, ఆ ఊరి నుంచి మళ్లీ ఏ కబురూ రాదు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. అజ్ఞానం అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఏ తల్లితోనూ మాట్లాడలేం. సూపర్‌వైజర్లు తరచూ వినే మాట ఒకటుంది: “మేడమ్, మీరు చెప్పి వెళ్లిపోతారు. రేపు మేం మిరపకోతకు వలస పోతే దీన్ని ఎవరి దగ్గర పెట్టి పోవాలె?” ఆ ప్రశ్నకు జవాబు లేకుండా చట్టం చదివితే లాభం లేదు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు, పాలమూరు నుంచి ముంబైకి వలస పోయే కుటుంబాల్లో ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఒంటరిగా ఉండటం పెద్ద భయం. పిల్ల ఎవరితోనైనా వెళ్లిపోతే పరువు పోతుందన్నది ఇంకో భయం. దాని పక్కనే కట్నం లెక్క ఉంటుంది. పిల్ల చదివితే చదివిన అల్లుడు కావాలి, అతనికి కట్నం పెరుగుతుంది. ఇద్దరు ఆడపిల్లలుంటే ఒకే పందిట్లో చేస్తే ఖర్చు కలిసొస్తుందని పెద్దదానితో పాటు చిన్నదానికీ చేసేస్తారు. మేనరికమైతే అసలు వెతుకులాటే లేదు. పుట్టినప్పుడే అనుకున్న సంబంధం కనుక, ముసలాయన కన్ను మూయకముందే చూడాలన్న కోరిక చాలు.

పని కూడా ఒక కారణం. గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో సీడు పత్తి (విత్తనాల కోసం పెంచే పత్తి) సాగు ఉంది. సాయంత్రం మొగ్గ రేకులను, కేసరాలను గోటితో ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని కీలం కొసకు రాయాలి. ఒక్కో మొగ్గకూ ఇదే, సీజన్ పొడుగునా రోజూ ఇదే. చిన్న చేతులు చకచకా ఆడతాయని, మొక్క ఎత్తు వాళ్లకు సరిపోతుందని ఆడపిల్లలను పెట్టుకుంటారు. ముందే అడ్వాన్సు ఇస్తారు. బడి తెరిచిన కొద్ది వారాలకే మొదలయ్యే ఈ పని ముగిసేసరికి అర్ధ సంవత్సరం పరీక్షలు వస్తాయి. రిజిస్టర్‌లో పిల్ల పేరు పక్కన ‘లాంగ్ ఆబ్సెంట్’ అని పడి ఉంటుంది. బడి మానిన పిల్ల, కూలికి పోతున్న పిల్ల ఊరి దృష్టిలో ఇక పెళ్లీడు పిల్లే. బడిలో లేని ప్రతి పిల్లనూ బాల కార్మికురాలిగానే లెక్కించాలని బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా నుంచి ఏళ్ల తరబడి చెబుతూ వచ్చినది ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. వాళ్లు నడిపిన బ్రిడ్జి క్యాంపులు బడి మానిన పిల్లలను వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో తిరిగి కూర్చోబెట్టాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన వారం పదో తరగతి ఫలితాలు వచ్చే వారం. ఎండాకాలం, సెలవులు, వైశాఖ ముహూర్తాలు అప్పుడే ఉంటాయి. పిల్ల గణితం తప్పిందంటే ఆ రాత్రే ఇంట్లో ‘ఇంకేం చదువులే’ అన్న మాట వస్తుంది. సప్లిమెంటరీ ఫీజుకు గడువు కొద్ది రోజులే. మండలంలో ఏ పనీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయొచ్చు: ఫలితాల రోజునే తప్పిన అమ్మాయిల జాబితా తీసి, రెండో రోజుకల్లా ఒక్కో ఇంటికి వెళ్లి ఫీజు కట్టించడం, తప్పిన సబ్జెక్టుకు నెల రోజులు సాయంత్రం క్లాసు పెట్టడం. బడి మానేసి ఏడాది దాటినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. 14 నిండితే పదో తరగతికి, 15 నిండితే ఇంటర్‌కు చేరొచ్చు. పాసైనవాళ్లకు ఇబ్బంది వేరు. ఇంటర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కావడంతో చార్జీల బెంగ పోయింది. కానీ కాలేజీ వదిలే వేళకు ఆ ఊరికి బస్సే లేకపోతే ఉచితమై ఏం లాభం? డిపో మేనేజర్‌కు సర్పంచ్ రాసే ఒక వినతిపత్రం ఇక్కడ పది అవగాహన సదస్సుల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇంటర్ దాకా ఉన్న కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో సీటు దొరికితే వలస తల్లి అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు దొరికినట్టే.

పెళ్లికి డబ్బిచ్చే పథకాల గురించి కూడా చెప్పాలి. తెలంగాణలో 2014లో రూ.51,000తో మొదలైన కళ్యాణలక్ష్మి, షాదీముబారక్ సాయం 2018లో రూ.1,00,116 అయింది. పెళ్లికూతురికి పెళ్లినాటికి 18 నిండి ఉండాలన్నది షరతు. వయసు నిండేదాకా ఆగడానికి కొన్ని కుటుంబాలకు ఇది కారణమవుతుంది. ముందే పెళ్లి చేసి, వయసు నిండాక మరో తేదీతో దరఖాస్తు పెట్టే సందు కూడా ఇందులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2022 అక్టోబరులో తెచ్చిన కళ్యాణమస్తు పథకంలో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టారు. నా దృష్టిలో అది మెరుగైన ఆలోచన. పదో తరగతి మెమో ఉంటే వయసు కూడా దానంతటదే తేలిపోతుంది.

పెళ్లి ఆపిన పిల్లను ఏం చేయాలి? బాలల న్యాయ చట్టం ప్రకారం పెళ్లి ముప్పు ముంగిట ఉన్న మైనరు సంరక్షణ అవసరమైన బిడ్డ. 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. కమిటీ విచారణ నివేదిక తెప్పించుకుని పిల్లను తల్లిదండ్రులకే అప్పగించొచ్చు, బంధువులకు అప్పగించొచ్చు, బాలసదన్‌కు (పిల్లల ప్రభుత్వ వసతి గృహం) పంపొచ్చు. పిల్లను జీపులో ఎక్కించుకుపోయి బాలసదన్‌లో దింపితే, తప్పు పెద్దవాళ్లది, శిక్ష తనది అనిపిస్తుంది. బడి, పుస్తకాలు, స్నేహితులు అన్నీ వెనకే ఉండిపోతాయి. ఇంట్లో బలవంతపు పెళ్లి ముప్పు నిజంగా ఉన్నప్పుడు, పిల్లే వెళ్లనన్నప్పుడు బాలసదన్ తప్పదు. మిగతా చోట్ల ఇంటికే పంపి గట్టిగా నిఘా పెట్టడం మేలు. ఏ దారైనా ఎంచుకునే ముందు పిల్లను తల్లిదండ్రులు లేని గదిలో, పోలీసు యూనిఫాం లేని మనిషి, వీలైతే మహిళ, అడగాలి. తండ్రి ముందు అడిగితే ఏ పిల్లయినా ‘నాకిష్టమే’ అనే అంటుంది.

నిఘా అంటే నెలకోసారి ఫోన్ చేసి ‘బాగున్నారా’ అనడం చాలదు. మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి పిల్లను కళ్లారా చూడాలి. బడి హాజరు నెలనెలా కమిటీకి వెళ్లాలి. శ్రావణం, మాఘం, వైశాఖం వంటి ముహూర్తాల కాలంలో రాకపోకలు పెంచాలి. పిల్ల ఊళ్లో లేదంటే ఏ ఊరు వెళ్లింది, ఎవరింట్లో ఉందో అదే రోజు తెలుసుకోవాలి. కుటుంబానికి నిజంగా గడవకపోతే పిల్లల రక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు రూ.4,000 ఇప్పించే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.72,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. అర్హత ఉన్నా అడిగేవారు లేక ఆగిపోయే సాయాల్లో ఇదొకటి.

కళ్లు కప్పి పెళ్లి జరిగిపోయిన పిల్లలను వదిలేయకూడదు. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు 18 లోపు భార్యతో శారీరక సంబంధం కూడా అత్యాచారమేనని తేల్చింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే ఉంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టర్ పోలీసులకు సమాచారం ఇచ్చి తీరాలి. దీని వల్ల రక్షణ వచ్చింది, దానితో ఒక చిక్కూ వచ్చింది. అల్లుడు జైలుకు పోతాడన్న భయంతో గర్భిణి అయిన పిల్లను పీహెచ్‌సీకి తీసుకురారు, తెచ్చినా వయసు 19 అని రాయిస్తారు. రక్తహీనత, బీపీ సమయానికి చూడాల్సిన పిల్లకే ఆ పరీక్ష అందదు. ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో పైన చెప్పిన ఆరోగ్య సర్వే నాటికే తల్లులైనవారో గర్భిణులో 12.6 శాతం. అంటే ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. ఆశా కార్యకర్త మొదటి పని వైద్యం అందేలా చూడటమే, కేసు దాని దారిన అది నడుస్తుంది. మైనరు గర్భం తీయించుకోవాలనుకుంటే, డాక్టర్ పోక్సో సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు రాయనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట చాలా ఆసుపత్రులకు ఇంకా చేరాల్సి ఉంది.

ఆ పెళ్లి వద్దనుకునే అమ్మాయికి దారి ఉంది. మైనరుగా ఉండగానే అయితే సంరక్షకుడో శ్రేయోభిలాషో బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి జిల్లా కోర్టులో లేదా ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయాలి. మేజరయ్యాక తనే వేసుకోవచ్చు. కోర్టు రద్దు చేస్తే పెట్టుపోతల కింద ఇచ్చిన నగలు, డబ్బు తిరిగి ఇవ్వాలి. మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం ఇప్పించొచ్చు, భర్త కూడా మైనరే అయితే అతని తల్లిదండ్రులు ఇవ్వాలి. పిల్లలు పుట్టి ఉంటే వాళ్లు అన్ని విధాలా చట్టబద్ధ సంతానమే. 15 నిండకముందే పెళ్లయిన హిందూ అమ్మాయి 15-18 మధ్య దాన్ని తిరస్కరించి ఉంటే, హిందూ వివాహ చట్టం కింద విడాకులకు ఆ కారణమే చాలు. వకీలు ఖర్చు పెట్టుకోనక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, ఫోన్ 15100.

రద్దు పిటిషన్‌కు గడువు మేజరైన నాటి నుంచి రెండేళ్లు, అంటే అమ్మాయికి 20 నిండేలోపు. 14 ఏళ్లకు తాళి పడిన పిల్ల ఆ లోపు ఇద్దరు బిడ్డల తల్లి కావచ్చు, అత్తగారి ఊరు దాటి ఉండకపోవచ్చు, ఇలాంటి గడువొకటి ఉందని ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. ఆ ఊరి ఆశా, అంగన్‌వాడీ రిజిస్టర్లలో ఆమె పేరు ఎటూ ఉంటుంది. ఆ పేరు పక్కన ఆమెకు 20 నిండే తేదీ కూడా రాసి, ఆరు నెలలు ముందుగా ఒకసారి ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగాలి.